బూడిదరంగులో ఉన్న పాటలు

అన్నయ్య వార్తొనొ తన కీబోర్డును మోటారుసైకిలు వెనక అడ్డంగా పెట్టి తాళ్లతో బిగిస్తుంటే ఇంట్లో ఎవరమూ అడ్డం వెళ్లలేదు. కోతలు అయిపోయి పొలాల్లో మోళ్లు మిగిలిన రోజులవి. జావా దీవిలో మా ఇంద్రమాయు వైపు పెళ్లిళ్లూ సున్తీ విందులూ అన్నీ ఆ ఎండల్లోనే. ఆ కొద్ది నెలలూ అమ్మ పాడితే, ఏడాదంతా మా పొయ్యి వెలిగేది.

గొడవ ముందురోజు పెళ్లిలో మొదలైంది. వదిన నూరాయెని ఒకే ఒక్క పాట పాడింది. కుర్రాళ్లు స్టేజీ ముందు మూగి ‘ఇంకోటి, ఇంకోటి’ అని కేకలు పెట్టారు. అమ్మ నవ్వుతూ మైకు అందుకుని, “పిల్ల అలిసిపోయింది పాపం” అని తన పాట ఎత్తుకుంది. వదిన ఏమీ అలిసిపోలేదు. ఆ సంగతి అన్నయ్య ఇంటికొచ్చాక అన్నాడు.

“నీ వెనకాల నిలబడి ఊ కొట్టడానికేనా మిమీ, అది పుట్టింది?”

మా వైపు తల్లిని మిమి అనే పిలుస్తాం. అమ్మ చెవి కమ్మలు తీస్తూ తలెత్తలేదు.

“నేను మా అత్తగారి వెనకాల ఏళ్లకేళ్లు ఊ కొట్టాను. అరిగిపోయానా?”

“అయితే కొత్త చేతులు వెతుక్కో. ఈ చేతులు వెళ్తున్నాయి.”

“దారి తెలుసుగా.”

అంతే. తెల్లారాక వదిన సంచి భుజాన వేసుకుని అమ్మ పాదాల దగ్గర వంగబోయింది. అమ్మ వెనక్కి జరగలేదు, చెయ్యీ చాచలేదు. మోటారుసైకిలు సందు దాటాక అమ్మ నావైపు తిరిగింది.

“నొక్, వాడు వాయించినవన్నీ నీ దగ్గరున్నాయన్నావుగా?”

కూతుళ్లని నొక్ అని ముద్దుగా పిలుస్తారు. అమ్మ మాత్రం పని పడ్డప్పుడే అలా పిలిచేది. నా పేరు రస్తి. పాటల దార్కెమ్ కూతురికి గొంతు రాలేదని ఊరంతా ఆశ్చర్యపోయింది. చిన్నప్పుడు నాచేత ఒక పాట పాడించి విని, “నువ్వు వంట నేర్చుకో నొక్” అంది అమ్మ. వంటతోపాటు వైర్లు చుట్టడం, పెట్టెలు మొయ్యడం కూడా నేర్చుకున్నాను.

“కార్డులో ఉన్నాయి మిమీ. ఫోన్లోకి ఎక్కించాలి.”

“ఎక్కించు. చేతులు పోతే పోయాయి, వాయించింది ఉందిగా.”

వేరే వాయించేవాళ్లని పెట్టుకోవచ్చు కదా అంటే, ఆ సీజన్లో చేతులు ఖాళీగా ఉన్నవాడు దొరకడు. పైగా అమ్మ పాటలు అమ్మవే. ఇంకెవరి దగ్గరా వాటికి సంగీతం లేదు.

కార్డు ఫోన్లో పెట్టి పాటల యాప్ తెరిచాను. పాటలేవీ లేవంది. ఫైళ్లలోకి వెళ్లి చూస్తే బారులు తీరి ఉన్నాయి. యాప్‌కి వాటిని చూసే అనుమతి లేదన్నమాట. అనుమతి ఇచ్చాను. ఈసారి అన్నీ వచ్చాయి, కానీ ఒక్కోటి రెండేసి సార్లు. కార్డులోది ఒకటి, జాగ్రత్త కోసం నేను అప్పుడే ఫోన్లోకి కాపీ చేసుకున్నది ఇంకొకటి. సెట్టింగుల్లో వెతికితే ‘ఒకే పేరున్నవి ఒకసారే చూపించు’ అని కనబడింది. నొక్కాను. జాబితా సగానికి తగ్గి కుదురుగా కూర్చుంది.

అమ్మ నా భుజం మీంచి చూస్తోంది. “ఇవేంటే, చచ్చిన చేపల్లా ఇలా ఉన్నాయి?”

కొన్ని పేర్లు బూడిదరంగులో ఉన్నాయి. నొక్కితే పలక్కుండా కింది పాటకి దూకుతోంది. వాటి పేర్ల చివర అక్షరాలు వేరేగా ఉన్నాయి. చాలాసేపు పట్టింది నాకు అర్థం కావడానికి. అవి పాటలు కావు. ఏ మెట్టు ఎప్పుడు మోగాలో అన్నయ్య తన కీబోర్డుకి రాసిపెట్టుకున్న సైగలు. ఆ కీబోర్డులో పెడితేనే పాట అవుతాయి. ఫోన్లో వాటికి పేరు తప్ప ఇంకేమీ లేదు.

“పలికేవాటితోనే నడిపిద్దాం” అంది అమ్మ.

మొదటిది సముద్రం ఒడ్డున చేపల ఊళ్లో. ఒక పడవ యజమాని కొడుకు సున్తీ విందు. రోడ్డు పక్కన టార్పాలిన్ పందిరి, కుర్చీలు, బాతుకూర కారపు వాసన. స్టేజీ మీద అమ్మ, డోలు దగ్గర సర్కుమ్ మామ. అమ్మకి తమ్ముడు. మూల నేను, సౌండు పెట్టెకి తగిలించిన ఫోనుతో. వదిన నిలబడే చోటు ఖాళీగా ఉంది. అమ్మ పాడుతూ పాడుతూ కొంచెం కొంచెంగా జరిగి ఆ చోటు కూడా తానే ఆక్రమించింది.

ఇంట్లో ప్రతి పాటా చివరిదాకా ఆడించి చూసుకున్నాను. ఒక్కటీ ఆగలేదు. స్టేజీ మీద ఎండ పడుతోందని ఫోన్ని తువాల్లో చుట్టి పెట్టాను. రెండు పాటలు బాగానే నడిచాయి. పక్కూరి కుర్రాళ్లు కూడా వచ్చి ముందు వరసలో ఎగురుతున్నారు. మూడో పాట మధ్యలో సంగీతం పుటుక్కున తెగిపోయింది.

అమ్మ ఆగలేదు. ఉత్త గొంతుతో లాగింది. మామ డోలు బిగించి వాయించాడు. తువాలు విప్పి చూస్తే ఫోన్లో యాప్ మూసుకుపోయి ఉంది. తెరిచాను. మొదటి పాట నుంచి మొదలెట్టింది. ఆపాను. నా వేళ్లు చెమటతో జారుతున్నాయి. కింద ఎవడో అరిచాడు.

“వైరు లాగేశారురా ఆ ఊరోళ్లు!”

“ఎవడ్రా లాగింది? మీ తాత లాగాడా?”

ఎగురుతున్న చేతులే పిడికిళ్లయ్యాయి. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గాల్లోకి లేచింది. అమ్మ మైకులో “బాబూ, తల్లుల్లారా, కూర్చోండి” అంటూనే ఉంది. రాయి ఎటునుంచి వచ్చిందో తెలీదు, మామ డోలు మీదకి ఒరిగిపోయాడు. నుదురు చిట్లి, కనుబొమ మీంచి రక్తం డోలు తోలు మీద పడింది.

తిరిగొచ్చేటప్పుడు వ్యాను వెనక ముగ్గురం పెట్టెల మధ్య కూర్చున్నాం. మామ నెత్తికి అమ్మ తన చున్నీ కట్టింది. ఫోన్లో ఒక సందేశం ఉంది. మామ ఒక కన్నుతోనే పైకి చదివాడు.

“‘బ్యాటరీ ఆదా కోసం వాడకంలో లేని యాప్‌ను మూసివేశాము.’ వాడకంలో లేదా? మరి నా నెత్తి మీద పడిందేంటి తల్లీ?”

అప్పుడు అర్థమైంది. ఇంట్లో నేను చూస్తూ కూర్చున్నాను కాబట్టి తెర వెలుగుతూనే ఉంది. ఇక్కడ తువాల్లో తెర ఆరిపోయింది. తెర ఆరితే ఎవరూ వినడం లేదనుకుంది ఫోను. అక్కడే ఆ ఆదా ఆపేశాను. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసినా పాట ఆగిపోతుంది కనుక, ఇకమీదట స్టేజీ ఎక్కేముందు విమానం గుర్తు నొక్కి బయటి కబుర్లన్నీ ఆపెయ్యాలని మనసులో రాసుకున్నాను.

మామ నవ్వించడానికి చూస్తూనే ఉన్నాడు. అమ్మ నవ్వలేదు. “ఇంకోసారి ఆగితే మనల్ని ఎవరూ పిలవరు” అంది, ఎవరితోనో అన్నట్టు.

పిలిచారు. ధాన్యం మిల్లు హాజీ రావిన్ స్వయంగా మా గుమ్మంలోకి వచ్చాడు. చిన్నమ్మాయి పెళ్లి. శనివారం. చేపల ఊరి గొడవ చెవిన పడిందనీ, అయినా వచ్చాననీ చెప్పాడు.

“మా ఆవిడ పోయిన ఉపవాసాల నెలలో పోయింది, తెలుసుగా దార్కెమ్ అమ్మా. దానికి నీ ‘రెండో పడవ’ అంటే ప్రాణం. నువ్వది పాడితే పిల్ల తల్లి కూడా పందిట్లో ఉన్నట్టే మాకు.”

“పాడతాను హాజీగారూ.”

ఆయన వెళ్లాక నేను ఫోను తెరిచి చూపించాను. ‘రెండో పడవ’ బూడిదరంగులో ఉంది.

“ఇది పలకదు మిమీ.”

“పలికించు.”

“ఆ కీబోర్డు లేకుండా ఎవరివల్లా కాదు.”

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కణ్ణించి గిన్నెల చప్పుడులో, “ఎవరి దగ్గరికి వెళ్తావో నన్నడక్కు” అంది.

వదిన పుట్టినూరికి మినీబస్సులో వెళ్లాను. అన్నయ్య అరుగు మీద కూర్చుని ఎవరి కీబోర్డో విప్పి బాగుచేస్తున్నాడు. వదిన పక్కనే ఉల్లిపాయలు ఒలుస్తోంది.

“కాంగ్, ‘రెండో పడవ’ ఒక్కటి రికార్డు చేసి ఇవ్వు” అన్నాను. అన్నని మేం కాంగ్ అంటాం. “హాజీ రావిన్ అడిగాడు.”

“ఆవిడ పంపిందా?”

“లేదు.”

“పంపదు. నాకు తెలుసు.” ఊడదీసిన మరని పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడుతున్నాడు. “అది ఫోన్లో పెట్టుకునే పాట కాదు. ప్రతి పంక్తి చివరా మిమి ఎక్కడ ఎంతసేపు లాగుతుందో నాకు తెలుసు. తనకే తెలీదు. తను లాగినంతసేపూ నేను పట్టుకుని ఉంటాను. యంత్రం పట్టుకుంటుందా?”

“సర్కుమ్ మామ నుదుటికి కుట్లు పడ్డాయి.”

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. “విన్నాను” అన్నాడు. మళ్లీ మర తిప్పడం మొదలెట్టాడు. “వెళ్లు. బస్సు పోతుంది.”

సందు చివర నా వెనక చెప్పుల చప్పుడు వినబడింది. వదిన. వేళ్లనిండా ఉల్లి వాసన.

“ఎప్పటికి కావాలి?”

“శనివారానికి.”

“ఆయన పొలానికెళ్లినప్పుడు, ఆయన రాసిపెట్టిందే కీబోర్డులో మోగించి, రికార్డు చేసి పంపిస్తా. నువ్వు నన్నడగలేదు, నేను నీకివ్వలేదు.”

“నీకు కోపం లేదా వదినా?”

“ఎందుకు లేదూ,” అంది. “బోలెడుంది. కానీ రాళ్లు నా కోపాన్ని చూసి పడవుగా. మామ మీద పడతాయి.”

శుక్రవారం ఫోనుకి వచ్చింది. వచ్చిందని తెలుస్తోంది గాని యాప్‌లో కనబడదు. పంపినవన్నీ వేరే మూలన పడతాయి, యాప్ ఆ మూల వెతకదు. దానికి ఆ మూలని చూపించి మళ్లీ వెతకమన్నాను. జాబితాలో ‘రెండో పడవ’ నల్లటి అక్షరాలతో వచ్చి నిలబడింది. నొక్కాను. పిల్లనగ్రోవి లాంటి ఆ మొదటి పొడుగాటి నాదం గదంతా నిండింది.

గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాలుగు చుట్లు విని మొహం పక్కకి తిప్పుకుంది.

“వాడి వేళ్లే. చాలు, ఆపెయ్.”

“మొత్తం విని చూసుకోవాలి మిమీ.”

“ఆపమన్నానా?”

చప్పుడు పూర్తిగా తగ్గించి, తెర ఆర్పి, పాటని మౌనంగానే చివరిదాకా నడవనిచ్చాను. ఆగలేదు. నాకు కావలసింది అదే కదా.

శనివారం హాజీ ఇంటి ముందు మిల్లు కళ్లం నిండా జనం. వరసలు వరసలుగా కుర్చీలు, ఎర్రటి గుడ్డ కప్పిన స్టేజీ. చేపల ఊరి కుర్రాళ్లు కొందరు అక్కడా ఉన్నారు. మామ నుదుటి మీద పట్టీని చూసి ఒకడు రెండో వాడి డొక్కలో పొడిచాడు.

“ఏం తాతా, ఈసారి హెల్మెట్ తెచ్చుకోలేదా?”

“మీ అయ్యది అడిగితే ఇవ్వనన్నాడు” అన్నాడు మామ.

విమానం గుర్తు నొక్కాను. ఫోన్ని ఎండ తగలకుండా ఒళ్లో పెట్టుకుని పైన చెయ్యి అడ్డం పెట్టాను. మొదటి పాటలు ఎక్కడా తడబడకుండా వెళ్లాయి. మధ్యాహ్నం నమాజు విరామం అయింది. పెళ్లికూతురు తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. అమ్మ మైకు దగ్గర నిలబడి, “ఇది పందిట్లో లేని తల్లికోసం” అంది. నావైపు తల ఊపింది.

నొక్కాను.

పిల్లనగ్రోవి నాదం, డోలు చుట్టు, మళ్లీ నాదం. ముందు వరసలో ముసలమ్మలు అప్పుడే పైటచెంగులు కళ్లకి తెచ్చుకున్నారు. అమ్మ ఊపిరి నింపుకుని పెదాలు విప్పింది. ఆమె గొంతు బయటికి రాకముందే పెట్టెల్లోంచి పాట మొదలైంది.

‘మొదటి పడవ ఒడ్డు చేరింది…’

వదిన నూరాయెని గొంతు. అమ్మ ఎత్తుకునే చోటే ఎత్తుకుంది, అమ్మ లాగినట్టే లాగింది. వెనక వరసల వాళ్లకి తేడా తెలిసి ఉండదు. ముందు వరస వాళ్లకి అమ్మ మూసిన పెదాలు కనబడుతున్నాయి. ఆ కుర్రాడు నోరు తెరిచి పక్కవాడి వైపు తిరిగాడు. ఇంక ఒక్క కూత చాలు. ఇన్నేళ్లుగా దార్కెమ్ పెట్టెలో పాట పెట్టి పెదాలాడిస్తోందని జిల్లా అంతా పాకిపోతుంది.

నా వేలు ఆపే గుర్తు మీద ఉంది. ఆపితే నిశ్శబ్దం. నిశ్శబ్దం వస్తే ఏమవుతుందో మామ నుదుటి మీద కనబడుతోంది. అమ్మ వైపు చూశాను. ఆపనా?

అమ్మ నన్ను చూడటం లేదు. పెట్టె వైపు కొంచెం తల వంచి వింటోంది. మా ఇంట్లో రెండేళ్లు ఉన్న మనిషి గొంతును అప్పుడే మొదటిసారి వింటున్నట్టు. పంక్తి చివర వదిన లాగుతూ ఉంది, కీబోర్డు ఆమెని పట్టుకుని ఉంది. అమ్మ కనురెప్పలు ఒకసారి వాలాయి. చేతిలో మైకు ఉన్నా పెదాలకి దూరంగానే ఉంచింది.

మొదటి పంక్తి అలాగే పోనిచ్చింది.

రెండో పంక్తికి మైకు దగ్గరికి తెచ్చి కింది స్వరంలో కలిసింది. ఎక్కడా పైకి రాలేదు. వదిన ఎక్కడికి వెళ్తే అక్కడికి, ఒక మెట్టు కింద. మామ ఒక్కసారి నావైపు చూసి, డోలు మీద అరచేతులు ఆనించి మెత్తగా వాయించడం మొదలెట్టాడు. నోరు తెరిచిన కుర్రాడు మూసుకోవడం మరిచిపోయాడు. రెండో పడవ రాలేదని పాట చెప్పే చోట పెళ్లికూతురు తండ్రి భుజంలో మొహం దాచుకుంది.

పాట అయిపోయింది. కళ్లంలో జనమంతా చప్పట్లతో లేచారు.

హాజీ రావిన్ స్టేజీ అంచుకి వచ్చి నిలబడ్డాడు. ముక్కు ఎర్రగా ఉంది.

“ఎవరమ్మా ఆ రెండో గొంతు? ఇంతకుముందు ఎప్పుడూ వినలేదే.”

అమ్మ చేతిలో మైకు ఇంకా మోగుతూనే ఉంది. “రెండో గొంతు నాది హాజీగారూ” అంది. “మొదటిది మా కోడలిది.”

వెంటనే తరవాతి పాట పెట్టమని నాకు సైగ చేసింది.

ఆట ముగిశాక విమానం గుర్తు తీస్తే ఆట మొదలయ్యాక వదిన పంపిన సందేశం దిగింది. ‘రెండూ ఒకే పేరుతో వెళ్లాయి. మొదటిది నేను పాడుకుంటూ చేసింది. అత్తమ్మ ఎక్కడ ఎంత లాగుతారో పాడి చూస్తేగాని నాదాన్ని పట్టి ఉంచే మీట ఎప్పుడు నొక్కాలో తెలీలేదు. దాన్ని చూసుకుంటూ గొంతు లేకుండా చేసింది రెండోది. అదే వాడుకో. మొదటిది తీసెయ్.’ ఒకే పేరున్నవి ఒకసారే చూపించమని యాప్‌కి చెప్పింది నేనే. అది నా మాట విని, ఒకదాన్ని దాచిపెట్టింది.

వ్యానులో ఆ సందేశం అమ్మకి చదివి వినిపించాను. చీకటి పడకముందే ఇల్లు చేరాలని డ్రైవరు గుంతల్లో కూడా దూకిస్తున్నాడు. అమ్మ పెట్టె పట్టుకుని కూర్చుంది.

“వేరేది మోగింది మిమీ” అన్నాను.

“మోగితే మోగింది.” చాలా దూరం వెళ్లాక, “రెండో చరణంలో ఊపిరి తీయకూడని చోట తీసింది” అంది.

మర్నాడు పొద్దున్నే నా మంచం దగ్గర నిలబడింది. “నొక్, దాన్ని రమ్మను.”

“కాంగ్‌ని కూడానా?”

“నేను పాట గురించి మాట్లాడుతున్నాను.”

అన్నయ్య రాలేదు. ఆ ఎండలు పోయి వానలు పడి నాట్లు మొదలయ్యేదాకా మా గడప తొక్కలేదు. వచ్చినప్పుడు కూడా ముందు మామ దగ్గరికి వెళ్లి, నుదుటి మచ్చ చూసి, తరవాత ఇంటికొచ్చాడు. వదిన మాత్రం మూడో రోజే మినీబస్సు దిగింది. చేతిలో ఏమీ లేదు. ఈసారి వంగి పాదాలు తాకలేదు. నిటారుగా నిలబడి, “రమ్మన్నారట” అంది.

“కూర్చో. రెండో చరణం.”

వదిన పాడింది.

“కాదు. మళ్లీ.”

పాడింది.

“కాదు. ఊపిరి ఛాతీలోంచి కాదు, ఇక్కడ్నించి.” అమ్మ లేచి వెళ్లి వదిన పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. అమ్మ ఎవరినీ అలా తాకగా నేను చూడలేదు. “మళ్లీ.”

నేను వంటింటి గుమ్మంలో కొబ్బరి కోరుతూ నిలబడ్డాను. నాకూ ఒకప్పుడు ఒకే ఒక్క పాటకి అవకాశం ఇచ్చింది, ‘మళ్లీ’ అనలేదు. ఆ మాట ఎంత పెద్దదో వదినకి తెలుసో లేదో. బయట అరుగు మీద మామ వేళ్లతో తొడ మీద తాళం వేస్తున్నాడు.

“కాదు. మళ్లీ.”

ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది. వదిన గొంతు బొంగురుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఎత్తుకుంది. ఆ పంక్తి చివరికి వచ్చేసరికి అమ్మ ‘కాదు’ అనలేదు. చెయ్యి పైకెత్తి, ఇంకా, ఇంకా, అన్నట్టు గాల్లో అలాగే పట్టుకుంది. వదిన గొంతు ఆ చేతికింద సన్నగా, తెగకుండా సాగుతూ పోయింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు.